సాక్సోఫోన్ కొనుక్కోండి, సౌండ్ సిస్టమ్‌లో వాటా మాత్రం వద్దు

ప్రశ్న: కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. వయసు 61. పింఛను నెలకు 36,000 రూపాయలు. సొంత ఇల్లు ఉంది, అప్పులు లేవు. 14 నెలల కిందట పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 20 లక్షలు వేశాను. ఈ మధ్యే సాక్సోఫోన్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. కొత్తది లక్షన్నర అంటున్నారు. గురువు గారు తనకు తెలిసినవాళ్ల పాతది 60,000కు ఇప్పిస్తామన్నారు. మిత్రుడొకరు ఆర్కెస్ట్రా నడుపుతున్నారు. సౌండ్ సిస్టమ్‌కు రెండున్నర లక్షలు పెడితే నన్నూ వాటాదారుగా చేర్చుకుంటానంటున్నారు. స్కీమ్ నుంచి నాలుగు లక్షలు తీయవచ్చా?

జవాబు: తీయలేరు. ఆ ఖాతాలోంచి కొంత మొత్తం తీసుకునే వీలు లేదు, తీస్తే ఖాతా మొత్తం మూసేయాలి. ఏడాది దాటి రెండేళ్లు నిండకముందే మూస్తే అసలులో ఒకటిన్నర శాతం కోస్తారు. మీ 20 లక్షల మీద అది 30,000. సగం సాక్సోఫోన్ అక్కడే పోతుంది!

అసలు ముట్టుకోవలసిన అవసరమే లేదు. 8.2 శాతం వడ్డీ చొప్పున మూడు నెలలకోసారి మీకు 41,000 వస్తోంది. రెండు విడతల వడ్డీ పక్కన పెడితే 82,000. పాత వాద్యం కొన్నాక 22,000 మిగులుతుంది. గురువు గారి ఫీజుకు, అరిగిపోయే రీడ్లకు (ఊదినప్పుడు కంపించి శబ్దమిచ్చే పల్చని పట్టీలు) కొన్నాళ్లపాటు అది సరిపోతుంది. లక్షన్నర వాద్యం మాట ఏడాది తర్వాత చూసుకోవచ్చు, అప్పటికి మీ చెవికే తేడా తెలుస్తుంది.

పాతది తీసుకునేటప్పుడు ఒక్క జాగ్రత్త. గదిలో దీపాలు ఆర్పి, గొట్టంలోకి చిన్న లైటు దించి, మీటలు ఒక్కొక్కటే మెల్లగా నొక్కి చూడండి. మూసుకున్న ప్యాడు (రంధ్రాన్ని మూసే మెత్తటి బిళ్ల) అంచు నుంచి వెలుతురు కనిపిస్తే గాలి లీకవుతున్నట్టే. ఒకటి రెండయితే సరిచేయించుకోవచ్చు. అన్ని ప్యాడ్లూ మార్చాలంటే ఖర్చు వేలల్లోకి పోతుంది, ఆ మేరకు ధర తగ్గించమనండి. మౌత్‌పీస్ మాత్రం కొత్తదే కొనుక్కోండి.

ఇక వాటా సంగతి. నన్ను భయపెడుతున్నది ఇదే. లాభనష్టాలు పంచుకుంటూ ఇద్దరు కలిసి వ్యాపారం చేస్తే, కాగితం రాసుకోకపోయినా అది భాగస్వామ్యమే కావచ్చు. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం సంస్థ అప్పుకు ప్రతి భాగస్వామీ పూర్తిగా బాధ్యుడే. మీ వాటా పావు వంతే కదా అంటే అప్పిచ్చినవాడు వినడు. మొత్తం మిమ్మల్నే అడగవచ్చు. స్పీకర్లు కాలిపోయినా, అద్దె బాకీ పడినా మీ వైపే చూస్తారు. పైగా పెళ్లిళ్లు, నవరాత్రుల్లో చేతినిండా పని ఉన్నా, ఆషాఢంలో, మూఢాల్లో ఆర్కెస్ట్రాకు పిలుపులుండవు. సంస్థ అప్పు చేసి ఉంటే, దాని వాయిదాలకు ఆషాఢం తెలియదు.

మీ మిత్రుడు మోసగాడని నేననడం లేదు. అప్పు తీర్చే రాబడి ఉంటే ఆయనే బ్యాంకుకు వెళ్లేవారు కదా అని మాత్రం ఒకసారి ఆలోచించండి.

వాయించడం కుదిరాక ప్రోగ్రాముకు ఇంత అని పారితోషికం మీద చేరండి. సామాను ఆయనది, సాక్సోఫోన్ మీది. ఆ వచ్చిన సొమ్మును ఆదాయపు పన్ను రిటర్నులో చూపండి. స్నేహం కోసం ఎంతో కొంత ఇవ్వక తప్పదనుకుంటే, తిరిగి రాకపోయినా మీ ఇంటికి ఇబ్బంది కలగనంత మొత్తమే ఇవ్వండి, దాన్ని వాటాగా కాక అప్పుగా ఇచ్చి ప్రామిసరీ నోటు రాయించుకోండి. సాధారణంగా మూడేళ్లు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది, అంటే దాని మీద దావా వేయలేరు, గడువు గుర్తుంచుకోండి.

దీనికంటే ముందు ఆయన్ను గత ఏడాది బుకింగ్ పుస్తకం చూపించమనండి. ఏ నెలలో ఎన్ని ప్రోగ్రాములు, ఎంత అడ్వాన్సు, ఎంత బాకీ అన్నది అందులోనే ఉంటుంది. చూపించడానికి వెనకాడితే, ఇచ్చే అప్పు కూడా మానుకోండి.