రెస్టారెంట్ జీతం వదిలేసి పాటనే నమ్ముకోవచ్చా?

ప్రశ్న: విజయవాడలో ఓ హోటల్ రెస్టారెంట్‌లో వారానికి ఆరు సాయంత్రాలు వయొలిన్ వాయిస్తాను. జీతం 24 వేలు. ఓసారి ఎవరో అడిగితే పాడాను. అప్పట్నుంచీ పెళ్లిళ్లకు, రిసెప్షన్లకు పాడమని పిలుస్తున్నారు. నిరుడు 28 ప్రోగ్రాములకు 2,52,000 వచ్చింది. ఈవెంట్ మేనేజర్ పది శాతం టీడీఎస్ అని పట్టుకుని ఇచ్చాడు, అది పోయినట్టేననుకున్నాను. ఉద్యోగం మానేసి, 4 లక్షలు పర్సనల్ లోను పెట్టి సౌండ్ సిస్టం కొనాలని ఉంది. ఇంటి ఖర్చు అద్దెతో కలిపి 20 వేలు. దాచింది 1,60,000. ఏమంటారు?

జవాబు: పాడమనే అంటాను. లోను మాత్రం వద్దు.

2,52,000ను పన్నెండు నెలలకు పంచితే 21 వేలు. జీతానికి దగ్గరగానే ఉందే అనిపిస్తుంది. పప్పులో కాలేసేది అక్కడే. పాట డబ్బు నెలనెలా రాదు, ముహూర్తాల వెంట వస్తుంది. మాఘంలో, వైశాఖంలో ఒకే రాత్రికి ఇద్దరు ముగ్గురు పిలుస్తారు. ఆషాఢంలో ఫోను మోగదు, పుష్యమూ అంతే. గురు మూఢమో శుక్ర మూఢమో వచ్చిందా, కల్యాణ మండపాలే బోసిపోతాయి. 4 లక్షలు 14 శాతం వడ్డీకి మూడేళ్ల గడువుతో తీసుకుంటే నెలకు దాదాపు 13,670 కిస్తీ. బ్యాంకుకు మూఢాలు ఉండవు.

అసలు సౌండ్ సిస్టం ఎందుకండీ? చాలాచోట్ల పెళ్లివారే సౌండ్ వాళ్లను మాట్లాడుకుంటారు. మీరు కొంటే దాన్ని మోసే ఆటోకీ, దించే మనిషికీ, పెట్టే గదికీ మీరే ఇచ్చుకోవాలి. సొంతానికి మంచి మైకు ఒకటి కొనుక్కోండి, చాలు.

ఉద్యోగం ఒకేసారి మానొద్దు. వారానికి మూడు సాయంత్రాలు, 12 వేలకు ఒప్పుకుంటారేమో అడిగి చూడండి. ముహూర్తం రోజున మీ బదులు వాయించే మనిషిని మీరే చూపిస్తే వాళ్లకూ ఇబ్బంది ఉండదు. జలుబు చేస్తే పాట ఆగిపోతుంది, వయొలిన్ ఆగదు. మన బాలమురళీకృష్ణ గారు అంత గాయకులై ఉండి కూడా వయొలిన్, వయొలా వాయించారు. ఈ ఊళ్లోనే ఆకాశవాణిలోనూ, సంగీత కళాశాలలోనూ ఉద్యోగం చేశారు.

ప్రోగ్రాముల డబ్బంతా వేరే ఖాతాలో వేసి, ఒకటో తారీఖున అందులోంచి 14 వేలు మీకు మీరే జీతంగా తీసుకోండి. పెళ్లిళ్లు జోరుగా ఉన్న నెలలోనూ అంతే. మిగిలింది ఆషాఢానికి ఉంటుంది. దాచిన దాంట్లో 1,20,000, అంటే ఆరు నెలల ఖర్చు, ఎఫ్‌డీలో పెట్టేయండి. మిగతా 40 వేలలోంచే మైకు, ఆరోగ్య బీమా ప్రీమియం.

ఇక ఆ టీడీఎస్. పోలేదు, మీ పాన్ మీద ప్రభుత్వానికి కట్టిన పన్ను అది. కొత్త పన్ను విధానంలో ఏడాదికి 12 లక్షల దాకా మీలాంటి ఆదాయానికి పన్ను పడదు కాబట్టి, గడువులోగా రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుంది. ముందు ఆదాయపన్ను పోర్టల్‌లో అది మీ పేర జమైందో లేదో చూసుకోండి. జమకాకపోతే, ఆ ఈవెంట్ మేనేజర్ పిలిచిన తర్వాతి పెళ్లికి ఒప్పుకునే ముందే ఆ లెక్క తేల్చమనండి.