ఇన్‌హేలర్‌తో చేతులు వణుకుతున్నాయి.. మాత్రలకు మారవచ్చా?

ప్రశ్న: నా వయసు 38. చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది. ఆయాసం వచ్చినప్పుడల్లా సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పీలుస్తాను, నెలకొకటి అయిపోతోంది. పీల్చాక చేతులు వణుకుతున్నాయి, గుండె దడగా ఉంటోంది. దడకు మందుల షాపులో ప్రొప్రనలాల్ ఇస్తే వారం నుంచి వేసుకుంటున్నాను. ఇన్‌హేలర్ మానేసి మాత్రలు వాడవచ్చా?

జవాబు: మీ ప్రశ్న కంటే ముందు ఆ ప్రొప్రనలాల్ సంగతి చెప్పాలి. శ్వాసనాళాల చుట్టూ ఉండే కండరంలో బీటా-2 గ్రాహకాలు (మందు అతుక్కుని పనిచేసే చోట్లు) ఉంటాయి. సాల్బుటమాల్ వాటిని ప్రేరేపించడం వల్లే బిగుసుకున్న కండరం కొద్ది నిమిషాల్లో వదులై ఊపిరి ఆడుతుంది. ప్రొప్రనలాల్ గుండెతో పాటు ఈ గ్రాహకాలనూ అడ్డుకుంటుంది కాబట్టి, ఉబ్బసం ఉన్నవారిలో నాళాలు ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు. ఆ సమయంలో ఇన్‌హేలర్ పీల్చినా సరిగా పనిచేయకపోవచ్చు. దడకు మాత్రమే వాడుతున్నట్లయితే ఇక వేసుకోకండి. బీపీకో గుండెజబ్బుకో డాక్టరు రాసినదైతే సొంతంగా ఆపకుండా, మీకు ఉబ్బసం ఉందని ఈ రోజే వారికి చెప్పండి. మీకున్న జబ్బేమిటో అడగకుండా ఇచ్చిన మాత్రను వారం పాటు ఎలా వేసుకున్నారండీ?

వణుకు అలర్జీ కాదు. చేతి కండరాల్లోనూ అవే గ్రాహకాలు ఉండటం వల్ల వస్తుంది. మాత్రలకు మారితే తగ్గకపోగా పెరిగే అవకాశమే ఎక్కువ. ఒక పఫ్‌లో 100 మైక్రోగ్రాముల మందు ఉంటే మాత్రలో 2 నుంచి 4 మిల్లీగ్రాములు, అంటే 20 నుంచి 40 రెట్లు ఉంటుంది. అది రక్తంలో కలిసి ఒళ్లంతా తిరిగాకే ఊపిరితిత్తులకు చేరుతుంది.

నెలకొక డబ్బా అంటే, 200 పఫ్‌లదైతే, రోజుకు ఆరేడు పఫ్‌లు. ఏడాదికి మూడు డబ్బాలు పట్టినా ఉబ్బసం అదుపు తప్పిందనే మేము భావిస్తాం. సాల్బుటమాల్ నాలుగు నుంచి ఆరు గంటలు కండరాన్ని వదులు చేస్తుందే తప్ప నాళాల లోపలి వాపును తగ్గించదు. అందుకే 2019 నుంచి ఉబ్బసం చికిత్సకు సంబంధించిన ‘గినా’ అంతర్జాతీయ మార్గదర్శకాలు పెద్దవారికి దీన్నొక్కదాన్నే వాడవద్దంటున్నాయి. ఆ వాపును తగ్గించే పీల్చే స్టెరాయిడ్‌తో కలిపిన ఫార్మోటెరాల్ (నాళాలను వదులు చేసే మరో మందు) మీకు సరిపడవచ్చు. అదీ నిమిషాల్లోనే పనిచేసి సుమారు 12 గంటలు నిలుస్తుంది. మోతాదు మాత్రం పరీక్షించకుండా రాయలేను. పల్మనాలజిస్టును (ఊపిరితిత్తుల వైద్యుణ్ని) ఈ వారంలోనే కలవండి, స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు కొలిచే పరీక్ష)తో పాటు ఈసీజీ, రక్తంలో పొటాషియం పరీక్షల గురించి అడగండి. సాల్బుటమాల్ అతిగా వాడితే పొటాషియం తగ్గి గుండె లయ దెబ్బతినవచ్చు.

అప్పటివరకు సాల్బుటమాల్‌ను దగ్గరే ఉంచుకోండి. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, పెదవులు నీలంగా మారినా, పఫ్‌లు పీల్చినా ఆయాసం తగ్గకపోయినా వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లండి. ప్రొప్రనలాల్ వేసుకున్న విషయాన్ని అక్కడి వైద్యులకు తప్పక చెప్పండి.