‘కాదు’, ‘లేదు’ ఎక్కువైతే అర్థం ఎందుకు తడబడుతుంది?

‘కాదు’, ‘లేదు’, ‘వద్దు’ లాంటి వ్యతిరేకార్థపు మాటలతో రాసిన వాక్యం ఎందుకు కష్టంగా ఉంటుంది? చాలాసార్లు మనసు ముందు కాదన్న విషయాన్నే ఊహించుకుని, తర్వాత కొట్టేయాల్సి వస్తుంది. పీటర్ వాసన్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త 1959, 1961లో ప్రచురించిన ప్రయోగాల్లోనూ వ్యతిరేక వాక్యాలకు స్పందించడానికి ఎక్కువ సమయం పట్టింది.

రెండు మూడు వ్యతిరేకాలు కలిస్తే ఇక చిక్కే. “రుసుము కట్టనివారివి తప్ప మిగతా దరఖాస్తులు తిరస్కరించబడవు” అన్నది చదివి ఎవరైనా ఆగిపోతారు. “రుసుము కట్టినవారి దరఖాస్తులే తీసుకుంటాం” అంటే సరిపోయేది.

తెలుగులో ఇంకో ఇబ్బంది ఉంది. నిరాకరణ సాధారణంగా వాక్యం చివర వస్తుంది. “తెరవవచ్చు”, “తెరవవద్దు” మధ్య తేడా ఒక్క అక్షరమే. ఫోన్‌లో సరిగా వినపడకపోతే పని తలకిందులవుతుంది. ప్రశ్నలైతే మరీనూ. “మీరు రావడం లేదా?” అని అడిగితే “అవును” అన్నారనుకోండి, వస్తున్నట్టా, రానట్టా? “వస్తున్నారా?” అని అడగడమే నయం.

అలాగని అన్నీ మార్చేయకండి. కరెంటు తీగ దగ్గర “ముట్టుకోవద్దు” అనే రాయాలి. ప్రమాదం ఉన్నచోట ఆ ఒక్క మాట కంటే స్పష్టమైనది నాకు తోచలేదు.