వ్యాన్ సెల్ఫ్ తీసుకోవడం లేదని చీటీ పాడాలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. పాతపట్నంలో కిరాణా సరుకు ఎత్తి కాశీనగర్, గుణుపురం వైపు కొట్లకు, సంతలకు వేస్తుంటాను. పెట్రోలు వ్యాన్‌కు 13 ఏళ్లు దాటాయి. పొద్దున బాగానే స్టార్టవుతుంది. నాలుగు చోట్ల సరుకు దించాక తాళం తిప్పితే ఒక్కోసారి టక్‌మని ఆగిపోతుంది. అరగంట ఆగితే మళ్లీ మామూలే. కొత్త బ్యాటరీ వేయించినా ఇంతే. చీటీ పాడి డౌన్ పేమెంట్ కట్టి, 5 లక్షల లోనుతో కొత్తది కొనమని ఇంట్లో అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: చీటీ ఇప్పుడే పాడకండి. అవసరంలో ఉన్నవాళ్లు పాటలో ఎక్కువ వదులుకుంటారు. చేతికొచ్చేది తగ్గుతుంది, మిగిలిన వాయిదాలు మాత్రం కట్టాల్సిందే. 5 లక్షలు 11 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ నెలకు సుమారు 10,870 రూపాయలు. వడ్డీయే లక్షన్నర దాటుతుంది. సంతలు పలచబడే వానాకాలంలో కూడా చీటీ వాయిదా, ఈఎంఐ రెండూ మీద పడతాయి.

మీరు చెప్పిన లక్షణాల్లోనే చాలా సమాచారం ఉంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్టై, వేడెక్కాక టక్‌మని ఆగుతోంది, బ్యాటరీ మార్చినా పోలేదు. అంటే ముందు అనుమానించాల్సింది సెల్ఫ్ మోటార్‌ని, దాని సోలినాయిడ్‌ని (తాళం తిప్పగానే మోటార్‌కు కరెంటు కలిపే స్విచ్), అక్కడికి కరెంటు మోసే వైర్లని. ఈసారి ఆగినప్పుడు హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. లైట్లు బాగా మసకబారితే బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ వైరు (బ్యాటరీ మైనస్‌ను బండి బాడీకి, ఇంజిన్‌కు కలిపేది) చూడాలి, లేదా మోటార్ బిగుసుకుని ఉండొచ్చు. లైట్లు అలాగే వెలుగుతూ టక్‌మంటే సోలినాయిడ్ లోపలి కాంటాక్టులో, మోటార్ లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్ అరగడంలో కారణం ఉండొచ్చు. సెల్ఫ్ తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే మాత్రం దారి వేరు, అప్పుడు పెట్రోలు పంపు, స్పార్క్ చూడాలి.

ఎలక్ట్రీషియన్ దగ్గర మల్టీమీటర్ పెట్టించండి. బండి ఆగి ఉన్నప్పుడు బ్యాటరీలో సుమారు 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే 14 చుట్టుపక్కల ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ మైనస్‌కీ ఇంజిన్ బాడీకీ మధ్య అర వోల్టు మించి చూపిస్తే ఎర్త్ వైరు, దాని బిగింపులు శుభ్రం చేయించాలి, లేదా వైరు మార్చాలి. వ్యాన్‌ను వేడిగా ఉన్నప్పుడే తీసుకెళ్లండి. చల్లారాక షెడ్డులో పెడితే లోపం కనిపించదు, మెకానిక్ ఊహించి సామాన్లు మారుస్తాడు. ఆ బ్యాటరీ డబ్బు అలాగే పోయింది కదా. ఎప్పుడు ఆగిందో, ఎంత దూరం నడిచాక ఆగిందో రాసుకుని చూపించండి.

సెల్ఫ్ మోటార్ మొత్తం మార్చినా, మామూలుగా ఒక నెల ఈఎంఐ దాటదు. ఇంజిన్ ఆయిల్ తాగి పొగ వదులుతుంటే, ఫ్లోర్ తుప్పు పట్టి చిల్లులు పడితే అప్పుడు కొత్త వ్యాన్ మాట మాట్లాడుకుందాం.

ఇంకొకటి, ఇది సెల్ఫ్ కన్నా పెద్ద విషయం. సరుకు వేసే బండికి తెల్ల నంబరు ప్లేటు (సొంత వాడకం బండిది) ఉంటే, ప్రమాదం జరిగినప్పుడు బీమా క్లెయిం తిరస్కరించవచ్చు. ఆర్‌సీ, పాలసీ తీసి చూడండి. తెల్ల ప్లేటు ఆర్‌సీ 15 ఏళ్లకు ముగుస్తుంది, అప్పటి రెన్యువల్ ఖర్చుకు సిద్ధంగా ఉండాలి. పసుపు ప్లేటైతే, అంటే వ్యాపార బండైతే, ఈ వయసు బండికి ఏటా ఫిట్‌నెస్ తప్పదు.

రిపేరు చేయించాక మూడు నెలలపాటు ఆ 10,870 వేరే ఖాతాలో వేస్తూ చూడండి. మధ్యలో ఆ డబ్బు ముట్టుకోవాల్సి వస్తే కొత్త వ్యాన్ మీకు ఇంకా భారమే. ముట్టకుండా నిలిస్తే 32,610 రూపాయలు చేతిలో ఉంటాయి, చీటీ కూడా పాడకుండా మిగులుతుంది.