యూకే రౌండబౌట్‌లో తప్పు లేన్‌లో వచ్చి కట్ కొట్టేవాళ్ళు: నా అనుభవం

మీరు అడిగింది ఇది: మూడు నెలల క్రితం రెడింగ్‌లో డ్రైవింగ్ టెస్ట్ పాసయ్యారు, ఆఫీసుకు వెళ్ళే దారిలో రెండు లేన్ల రౌండబౌట్ (మధ్యలో దిమ్మె చుట్టూ తిరిగి వెళ్ళే కూడలి) ఒకటి ఉంది, మీరు కుడి లేన్‌లో నేరుగా వెళ్తుంటే ఎడమ లేన్‌లో ఉన్నవాడు మీకు అడ్డంగా కట్ కొట్టి వెళ్ళిపోయాడు, పైగా మీ మీదే హారన్ కొట్టాడు. తప్పు ఎవరిది, రేపు మళ్ళీ ఇలాగే జరిగితే ఏం చేయాలి, ఆ దారి మానేసి చుట్టు తిరిగి వెళ్ళాలా?

దారి మానేయకండి. ఈ దేశంలో రౌండబౌట్ తగలకుండా ఎక్కడికీ వెళ్ళలేం, ఒకదాన్ని తప్పించుకుంటే ఇంకో రెండు ఎదురవుతాయి.

మాది గుంటూరు, తొమ్మిదేళ్ళుగా స్విండన్‌లో ఉంటున్నాను. ఇక్కడున్న మ్యాజిక్ రౌండబౌట్ గురించి మీరు వినే ఉంటారు, ఐదు చిన్న రౌండబౌట్లు కలిసి ఒక పెద్ద వలయం, బయట గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతూ లోపలి వలయంలో మాత్రం దానికి ఎదురు దిశలో తిరగాలి. ఫ్రాంక్ బ్లాక్‌మోర్ అనే ఇంజనీరు 1972లో దాన్ని కట్టించాడు. కొత్తగా వచ్చిన మనవాళ్ళందరికీ అదంటే భయం, నాకూ మొదటి నెల టెన్షన్‌గానే ఉండేది. కానీ నన్నడిగితే అది అంత ప్రమాదం కాదు, ఎందుకంటే అక్కడ అందరూ నెమ్మదిగా వస్తారు, అందరూ భయంతో కళ్ళు పెద్దవి చేసుకుని నాలుగు వైపులా చూస్తారు. నాకు యాక్సిడెంట్ అయింది అక్కడ కాదు, ఊరి బయట ఎవరూ పేరు కూడా పెట్టని మామూలు రెండు లేన్ల రౌండబౌట్‌లో, రోజూ వెళ్ళే దారిలో.

ఏం జరిగిందో వివరంగా చెప్తాను, మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. అమ్మ ఇండియా నుంచి వచ్చిన రెండో వారం, వెనక సీట్లో ఎడమ వైపు కూర్చుంది. రౌండబౌట్ దగ్గరికి వచ్చాం, నేను నేరుగా వెళ్ళాలి. అక్కడ ఎడమ లేన్‌లో బాణం ఎడమకే ఉంటుంది, కుడి లేన్ బాణం నేరుగా వెళ్ళేవాళ్ళకీ కుడికి తిరిగేవాళ్ళకీ. కాబట్టి కుడి లేన్‌లో వెళ్ళాను, అది సరైన లేనే. నా పక్కన ఎడమ లేన్‌లో ఉన్న వ్యాన్ కూడా నేరుగా వెళ్ళాలనుకుంది. బయటికి వెళ్ళే రోడ్డుకు ఉన్నది ఒకే లేన్. ఇద్దరం ఒకే సందులోకి పక్కపక్కన తిరిగాం. దాని ముందు భాగం మా కారు వెనక తలుపును రాసుకుంటూ వెళ్ళింది, సరిగ్గా అమ్మ కూర్చున్న వైపు. దెబ్బలేం తగల్లేదు, తలుపు లోపలికి సొట్ట పోయింది, కానీ ఆ చప్పుడుకి అమ్మ రెండు చేతులతో తల పట్టుకుని ఉండిపోయిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

వ్యాన్ ఆయన కిందికి దిగి నన్నే తిట్టాడు. ఎడమ లేన్ అంటే ఎడమకీ నేరుగా వెళ్ళడానికీ, కుడి లేన్ అంటే కుడికే, డ్రైవింగ్ స్కూల్లో నీకు ఎవరూ చెప్పలేదా అని. ఆయన అబద్ధం ఆడటం లేదు, నిజంగా అలాగే నమ్ముతున్నాడు.

తప్పు లేన్ గొడవల్లో సగానికి మూలం ఇదేనని నా నమ్మకం. ఇక్కడి ఇన్‌స్ట్రక్టర్లు చాలామంది గడియారం లెక్క చెప్తారు: మీరు వచ్చే రోడ్డును ఆరు అనుకోండి, పన్నెండు దాకా ఉన్న ఎగ్జిట్లకు ఎడమ లేన్, పన్నెండు దాటితే కుడి లేన్. నేర్చుకునేటప్పుడు బాగానే పనికొస్తుంది. కానీ అది రూల్ కాదు. ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో రౌండబౌట్ల గురించి 184 నుంచి 190 దాకా రూల్స్ ఉన్నాయి, వాటిల్లో ఎక్కడా గడియారం మాట లేదు. 186వ రూల్ ప్రకారం రోడ్డు మీద గుర్తులు గానీ బోర్డులు గానీ వేరేలా చెప్పకపోతేనే మామూలు పద్ధతి: మొదటి ఎగ్జిట్‌కి ఎడమ లేన్, ఎడమ ఇండికేటర్, కుడికి లేదా పూర్తిగా చుట్టి రావాలంటే కుడి లేన్, కుడి ఇండికేటర్, మధ్యలో ఉన్న ఎగ్జిట్లకు తగిన లేన్ ఎంచుకుని, మీ ఎగ్జిట్‌కి ముందుది దాటగానే ఎడమ ఇండికేటర్ వేయాలి. బాణం ఉంటే మాత్రం బాణానిదే చివరి మాట. గడియారం లెక్క ఒక్కటే గుర్తున్నవాడు బాణం వేరుగా ఉన్న చోటికి వచ్చాడంటే, తను కరెక్ట్ అనుకుంటూనే తప్పు లేన్‌లో ఉంటాడు. మీ మీద హారన్ కొట్టినవాడు కూడా అలాంటివాడే అయి ఉండవచ్చు.

ఆ తర్వాత ఆదివారం పొద్దున ఏడింటికి నేను మళ్ళీ అక్కడికి వెళ్ళాను, ఈసారి నడిచి, ఫుట్‌పాత్ మీద నిలబడి చూడటానికి. ఎడమ లేన్‌లో బాణం సగం అరిగిపోయి ఉంది. సాయంత్రం ట్రాఫిక్‌లో అయితే ఆ బాణం మీద ఎప్పుడూ ఏదో ఒక కారు నిలబడే ఉంటుంది, కనిపించే అవకాశమే లేదు. కాబట్టి గుర్తులు చూసి లేన్ పట్టుకోండి అని చెప్తే సరిపోదు. కొత్త దారైతే నేను ముందు రోజు రాత్రే ఫోన్‌లో మ్యాప్‌ను శాటిలైట్‌లో పెట్టి, పెద్దది చేసి చూస్తాను, ఆ ఫొటోల్లో బాణాలు చాలావరకు కనిపిస్తాయి. ఏ లేన్ దేనికో, ఎగ్జిట్ తర్వాత రోడ్డు ఒక లేనా రెండు లేన్లా, తెల్ల గీతలు పురిలా బయటికి తిరుగుతూ వెళ్తున్నాయా అని. అలా పురిలా గీసిన చోట మీ గీతల మధ్యే ఉంటే అవే మిమ్మల్ని బయటికి తీసుకెళ్తాయి, లోపల లేన్ మారనక్కర్లేదు. ఐదు నిమిషాల పని.

ఇక తప్పు ఎవరిది అన్నారు. బాణం ప్రకారం మీది సరైన లేనే అయితే మొదటి తప్పు అతనిదే. కానీ నా కేసులో ఏమైందో వినండి. డాష్‌క్యామ్ (కారులో పెట్టే రికార్డింగ్ కెమెరా) లేదు, సాక్షులు ఎవరూ ఆగలేదు, ఆయన మాట ఆయనది, నా మాట నాది. రెండు ఇన్సూరెన్స్ కంపెనీలు నాలుగు నెలలు ఉత్తరాలు రాసుకుని చివరికి చెరి సగం అన్నాయి. ఎక్సెస్ (క్లెయిమ్‌లో మన జేబులోంచి కట్టాల్సిన మొత్తం) కట్టాను, నో క్లెయిమ్స్ బోనస్ తగ్గింది, తర్వాతి ఏడాది ప్రీమియం పెరిగింది. చాలా కోపం వచ్చింది. కోపం తగ్గాక ఇంకో మాట ఒప్పుకోవాల్సి వచ్చింది: ఎగ్జిట్ వైపు తిరిగే ముందు నేను ఎడమ అద్దం చూడలేదు. చూసి ఉంటే అంత పెద్ద వ్యాన్ కనిపించకుండా ఉండదు. లేన్ నాదే కాబట్టి పక్కన ఎవరూ ఉండరని అనుకున్నాను.

దీని గురించి నేను చాలా ఆలోచించాను. గుంటూరులోనో విజయవాడలోనో నడిపేటప్పుడు మనం గీతల్ని నమ్మం, అసలు ఎవరూ నమ్మరు, అందుకే ప్రతి ఒక్కరూ పక్కవాణ్ణి కనిపెట్టుకుంటూ ఉంటారు, సందు దొరికితే దూరతారు, హారన్ కొడతారు, వేగం కూడా తక్కువే. ఇక్కడ అందరూ గీతను నమ్మి వేగంగా వస్తారు. అందువల్ల వందమందిలో ఒక్కడు గీత తప్పినా పక్కనున్నవాడు దానికి సిద్ధంగా ఉండడు. గీతను నమ్మడం ఇక్కడికి వచ్చి నేర్చుకున్నాను, బాగుంది, కానీ దాంతోపాటు మనకున్న ఆ పక్కచూపును పోగొట్టుకున్నాను, అది తప్పు. 187వ రూల్ కూడా ఇదే చెప్తుంది, తప్పు చోట ఉన్న బండ్లను, రెండు లేన్ల మీదా వచ్చే పొడవాటి లారీలను, ఎడమ లేన్‌లోనే ఉండి చుట్టూ తిరిగే సైకిళ్ళను, గుర్రాల మీద వెళ్ళేవాళ్ళను గమనించుకోమని. తప్పు లేన్‌లో వచ్చేవాడు ఉంటాడని రూల్ రాసినవాళ్ళకే తెలుసు.

ఇప్పుడు నేను చేసేది ఒకటే, ఎగ్జిట్ దగ్గరికి వచ్చేసరికి నా పక్కన ఎవరూ లేకుండా చూసుకుంటాను. పక్కన బండి ఉంటే ఎవరి లేన్ ఏదని లెక్క వేయను, కాలు కాస్త తీసి అర కారు వెనక్కి పడతాను, అతను ఎటు వెళ్ళాలనుకుంటే అటు వెళ్ళిపోతాడు. అతని ఇండికేటర్‌ను అసలు నమ్మను, ముందు చక్రాలు ఎటు తిరుగుతున్నాయో చూస్తాను, చక్రం అబద్ధం చెప్పదు. తిరిగే ముందు ఎడమ అద్దం, భుజం మీదుగా ఒక చూపు. దీనికి పోయేది రెండు సెకన్లు. హారన్ మాత్రం అతను నన్ను చూడలేదని అనిపిస్తేనే, చిన్నగా ఒకసారి.

మీరే తప్పు లేన్‌లో ఉన్నామని తెలిస్తే, అది అందరికీ జరుగుతుంది, లోపల సరిదిద్దుకోవాలని చూడొద్దు. ఎడమ లేన్‌లో ఇరుక్కుంటే ఆ లేన్ ఎటు తీసుకెళ్తే అటే వెళ్ళండి, ముందు వచ్చే రౌండబౌట్‌లో వెనక్కి తిరగండి. మిల్టన్ కీన్స్‌లో మా చెల్లెలు వాళ్ళు ఉంటారు, అక్కడైతే అర నిమిషానికొకటి వస్తుంది, వెనక్కి తిరగడం అసలు సమస్యే కాదు. కుడి లేన్‌లో ఉండి ఎగ్జిట్ అందకపోతే లోపలే ఇంకో చుట్టు చుట్టి రండి. నావిగేషన్‌లో ఆమె రైట్ తీసుకో అంటూనే ఉంటుంది, అననివ్వండి. నా మొదటి టెస్ట్ పోయింది ఇలా లోపల లేన్ సరిదిద్దుకోబోవడం వల్లే. ఇండియా లైసెన్స్ మీద పన్నెండు నెలలే నడపనిస్తారు కదా, పదో నెలలో కంగారుగా టెస్ట్ పెట్టుకున్నాను, ఎగ్జామినర్ మూడో ఎగ్జిట్ అన్నారు, నేను ఎడమ లేన్‌లో ఉన్నాను, అద్దం చూడకుండా కుడికి లాగాను. చిన్న తప్పులు పదిహేను దాకా వదిలేస్తారు, సీరియస్ తప్పు ఒక్కటి చాలు. ఆ రోజు ఆ ఎడమ లేన్‌లోనే బయటికి వెళ్ళిపోయి ఉంటే పాసయ్యేవాణ్ణి, ఎందుకంటే దారి తప్పడం అక్కడ తప్పు కిందికి రాదు, ప్రమాదం లేకుండా తప్పితే చాలు.

మీరు కొత్తగా పాసయ్యారు కాబట్టి ఇంకో సంగతి. పాసైన మొదటి రెండేళ్ళలో లైసెన్స్ మీద ఆరు పెనాల్టీ పాయింట్లు (ట్రాఫిక్ తప్పులకు వేసేవి) పడితే లైసెన్సే రద్దవుతుంది, మళ్ళీ థియరీ నుంచి మొదలుపెట్టాలి. నిర్లక్ష్యంగా నడిపారని తేలితే మూడు నుంచి తొమ్మిది పాయింట్ల దాకా వేయవచ్చు. కట్ కొట్టినవాణ్ణి వెంబడించడం, పక్కకు వెళ్ళి కిటికీ దించి వాదించడం, ఇవన్నీ మానేయండి. మీరు రాసినదాన్ని బట్టి రెండు మూడు రోజులు నిద్ర పట్టనంత బాధపడ్డారు, నాకు అర్థమవుతుంది, కానీ అతనికి మీరు గుర్తు కూడా ఉండరు.

డాష్‌క్యామ్ కొనండి, ముందూ వెనకా రెండు వైపులా వచ్చేది. నేను యాక్సిడెంట్ అయ్యాక కొన్నాను. మీ ఆఫీసు దారిలోని రౌండబౌట్‌కి ఈ ఆదివారం పొద్దున్నే, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్ళి నాలుగు చుట్లు తిరగండి, ఒక్కో లేన్ ఎటు తీసుకెళ్తుందో చూసుకుంటూ. ఆ బాణాలు మీరు అనుకున్నట్టు లేకపోతే, ఆ రోజు హారన్ ఎందుకు కొట్టాడో అక్కడే తెలిసిపోతుంది.