చేతిలో ఏడు అక్షరాలు

సూర్యారావుపేట, విజయవాడ

చి. మాధవికి తాతయ్య ఆశీస్సులు.

కాలేజీలో స్క్రాబుల్ పోటీకి, అదే చేతికొచ్చిన ఏడు అక్షరాల బిళ్ళలతో బోర్డు మీద ఇంగ్లిష్ మాటలు పేర్చే ఆటకి, పేరిచ్చావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం తల్లీ. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన దానివి, గుంటూరు కాన్వెంటు పిల్లల ముందు నిలబడగలనా అని టెన్షన్ పడుతున్నావట. ఆ బెంగ వద్దు. ఈ ఆటకి ఇంగ్లిష్ గలగలా మాట్లాడటంతో పనిలేదు. స్పెల్లింగు తెలియాలి, ఏ అక్షరం దేనితో కలుస్తుందో తెలియాలి, అంతే. న్యూజిలాండ్ ఆటగాడు నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచి స్క్రాబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆయనకు ఫ్రెంచి మాట్లాడటం రాదు. డిక్షనరీలో మాటల్ని అక్షరాల వరసలుగా కంఠస్థం చేసి గెలిచాడు. నీకు ఇంగ్లిష్ అంతకన్నా నయంగానే వచ్చు కదా.

నేను ప్రెస్సులో కంపోజింగ్ చేసే రోజుల్లో ఇంగ్లిష్ టైపు కేసులో ఇ అక్షరానిదే అన్నిటికంటే పెద్ద గడి. క్యూ, జడ్, ఎక్స్ లాంటివి మూలనున్న చిన్న గడుల్లో ఉండేవి. చెయ్యి ఎక్కువసార్లు ఎటు వెళ్తుందో దాన్ని బట్టే ఆ ఏర్పాటు. ఈ ఆట కనిపెట్టిన ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే అమెరికా ఆర్కిటెక్టు కూడా 1930లలో పత్రికలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్క కట్టాడు. అందుకే 100 బిళ్ళల్లో ఇ బిళ్ళలు 12, ఎ, ఐ తొమ్మిదేసి. క్యూ, జడ్, జె, ఎక్స్, కె ఒక్కొక్కటే. క్యూకి, జడ్‌కి 10 పాయింట్లు రావడం కూడా ఆ లెక్కలోంచి వచ్చిందే.

ఇక మాట వెతకడం సంగతి. ఏడు బిళ్ళలూ పరుచుకుని వాటివంక చూస్తూ కూర్చుంటే ఏ మాటా తట్టదు. ముందు తోకని, అంటే మాట చివర చేరే అక్షరాల్ని, విడదీయి. నీకు ఇ, జి, ఐ, ఎన్, ఆర్, ఎస్, టి వచ్చాయనుకో. ఐ-ఎన్-జి తీసి కుడివైపు పెట్టు. మిగిలినవి ఇ, ఆర్, ఎస్, టి. వాటిని కాస్త అటూ ఇటూ జరిపితే రెస్ట్ కనిపిస్తుంది, తోక తగిలిస్తే రెస్టింగ్ అయింది. ఈసారి ఇ-ఆర్ తీసి చివర పెట్టు. మిగిలిన జి, ఐ, ఎన్, ఎస్, టి నుంచి స్టింగ్ వస్తుంది, ఇ-ఆర్ కలిపితే స్టింగర్. ఏడూ ఒక్కసారే దించితే 50 పాయింట్లు అదనం. అవే బిళ్ళల్లో రెండు మాటలున్నాయంటే బోర్డు మీద ఏది ఇముడుతుందో అది వేసుకోవచ్చు.

అందుకని తోకలు బాగా పట్టుకో: ఐ-ఎన్-జి, ఇ-ఆర్, ఇ-డి, ఐ-ఇ-ఆర్, ఓ-యు-ఎస్, టి-ఐ-ఓ-ఎన్. ముందు చేరేవి కూడా ఉన్నాయి: ఆర్-ఇ, యు-ఎన్, ఓ-యు-టి. సి ఉంటే హెచ్ కోసం, కె కోసం చూడు. బిళ్ళల్ని చేత్తో తిప్పుతూనే ఉండు, ఒకే వరసలో వదిలెయ్యకు. కళ్ళు ఆ వరసకి అలవాటు పడిపోతే ఎదురుగా ఉన్న మాట కూడా కనపడదు.

అందరికీ గుండె గుభేలుమనే అక్షరం క్యూ. దాని పక్కన యు ఉండి తీరాలని బడిలో చెబుతారు, ఆటలో మాత్రం ఆ నియమం లేదు. క్యూ-ఐ అని రెండే అక్షరాల మాట ఉంది, చైనావాళ్ళు ప్రాణశక్తికి వాడే పేరది. క్యూ-ఎ-టి ఉంది. ఎఫ్-ఎ-క్యూ-ఐ-ఆర్, మన ఫకీరు. క్యూ-ఎ-ఎన్-ఎ-టి అంటే భూమి లోపల తవ్విన నీటి కాలువ. వీటిలో ఎక్కువ అరబ్బీ నుంచి వచ్చినవే. ఈ నాలుగూ నోటికి వచ్చేస్తే క్యూ చేతికి వచ్చినప్పుడు కంగారు ఉండదు.

రెండక్షరాల మాటలు మొత్తం నేర్చుకోవాల్సిందే, ఇందులో నేను రాజీపడను. 100కు పైగా ఉన్నాయి. రోజూ కాసిన్ని రాసుకుంటే వస్తాయి. జడ్-ఎ, జె-ఓ, ఎక్స్-ఐ, ఎక్స్-యు, కె-ఐ. ఇరుకు చోట పక్కపక్కన వరసలు కలపాలంటే ఇవే ఆదుకుంటాయి. వి అక్షరంతో మాత్రం రెండక్షరాల మాట ఒక్కటీ లేదు, అందుకని వి వస్తే ఎక్కువసేపు దాచుకోకు.

ఎస్ బిళ్ళలు నాలుగే. దాని పాయింటు ఒకటే కదా అని ఊరికే పారెయ్యకు. అవతలివాళ్ళు వేసిన మాట చివర ఎస్ చేర్చి నీ మాట కూడా దించావంటే రెండిటి పాయింట్లూ నీవే.

ఇంకో మాట. మనింట్లో మాట్లాడుకునే మాటలు ఆటలో చెల్లే మాటల లిస్టులో బోలెడున్నాయి. ఇడ్లీ ఉంది, ఐ-డి-ఎల్-ఐ. లక్ష ఎల్-ఎ-కె-హెచ్. కోటి సి-ఆర్-ఓ-ఆర్-ఇ. ధోతి, ఘీ (మన నెయ్యి), శారీ (మన చీర) అన్నీ ఉన్నాయి. ఘెరావ్ అయితే జి-హెచ్-ఇ-ఆర్-ఎ-ఓ, అచ్చులు ఎక్కువైనప్పుడు బాగా పనికొస్తుంది. స్పెల్లింగు మాత్రం వాళ్ళు రాసినట్టే రాయాలి, కాబట్టి చూసి నేర్చుకో.

ఫోన్లో వర్డిల్ కూడా ఆడుతున్నావట, మంచిదే. దాచిన అయిదక్షరాల మాటని ఆరు అవకాశాల్లో ఊహించాలి. అందులో ఒక ఊబి ఉంది. చివరి నాలుగూ ఐ-జి-హెచ్-టి అని తేలిపోయిందనుకో. లైట్, మైట్, నైట్, ఫైట్, సైట్, రైట్, టైట్... ఒక్కొక్కటే వేస్తూ పోతే అవకాశాలు అయిపోతాయి. దానికి బదులు ఫిల్మ్స్ అని వెయ్యి, ఎఫ్-ఐ-ఎల్-ఎం-ఎస్. ఎఫ్, ఎల్, ఎం, ఎస్ నాలుగూ ఒకే దెబ్బకి తేలిపోతాయి. తేలిన అక్షరాల్ని ప్రతిసారీ వాడి తీరాలనే హార్డ్ మోడ్ పెట్టుకుంటే ఇలా వెయ్యనివ్వదు, అది చూసుకో.

అక్షరాలు కొడితే మాటలన్నీ చూపించే యాప్‌లు ఉన్నాయి. ఆట మధ్యలో వాటిని ముట్టుకోవద్దు. అది న్యాయం కాదు, పైగా పోటీలో ఫోన్ చేతిలో ఉండదు. ఆట అయ్యాక మాత్రం తప్పకుండా వాడు. నీకు వచ్చిన ఏడక్షరాలూ కొట్టి, ఏ మాట నీ కంట పడలేదో చూసి నోట్సులో రాసుకో. అలా చూసిన మాట మళ్ళీ మర్చిపోవు.

పోటీవాళ్ళని ఏ డిక్షనరీ ప్రమాణమో ముందే అడుగు. మామూలు డిక్షనరీ వేరు, ఆట లిస్టు వేరు. నువ్వు వేసిన మాటని అవతలివాళ్ళు ఛాలెంజ్ చేస్తే, అది లిస్టులో లేకపోతే బిళ్ళలు వెనక్కి తీసుకోవాలి, ఆ వంతు పోతుంది. కాబట్టి అడగడానికి మొహమాటపడకు. ఆదివారం నేను లెనిన్ సెంటర్‌కి వెళ్ళి పాత పుస్తకాల షాపుల్లో చూసి, నీకు మంచి ఇంగ్లిష్ డిక్షనరీ ఒకటి తీసుకుంటాను. మీ నాన్న వచ్చినప్పుడు పంపిస్తాను. ఈలోగా రెండక్షరాల మాటలు నీ చేత్తో రాసి ఫోటో పంపు, నేను సరిచూస్తాను. పోటీ తేదీ తెలియగానే ఫోన్ చెయ్యి.

నీ
తాతయ్య