మేనకోడలికి ఉత్తరం: నాన్నని గుర్తుపెట్టుకోవడం, అమ్మని చూసుకోవడం

అమ్మలూ,

మొన్న ఫోన్‌లో నువ్వు అన్న మాట నన్ను వదలడం లేదు. "నాన్నని తలుచుకుంటే ఆస్పత్రి మంచం మీదున్న మొహమే వస్తోంది మావయ్యా, మామూలు మొహం గుర్తుకు రావట్లేదు" అన్నావు. ఇలాంటివి ఫోన్‌లో తెమిలేవి కావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మీ అత్తయ్య పోయాక నాకూ చాలా నెలలు అలాగే ఉండేది. అంతకాలం కలిసి బతికిన మనిషి, కళ్లు మూస్తే ఆ చివరి వారమే కనిపించేది. భయంతో చూసినదాన్ని మెదడు గట్టిగా పట్టుకుంటుంది తల్లీ. పైగా అది ఇంకా కొత్త. నీ ప్రేమలో లోటేమీ లేదు, నాన్న నీకు దూరమైపోవడమూ లేదు. ఆ ఆస్పత్రి మొహాన్ని బలవంతంగా చెరిపెయ్యాలని చూడకు, చెరగదు. మిగతా నాన్నని దాని పక్కకి తెచ్చుకోవడమే మనం చెయ్యగలిగింది. ఊరికే కూర్చుంటే ఆయన రారు. దానికి కొంచెం పని ఉంది.

ఒక నోట్‌బుక్ పెట్టుకో. అందులో "నాన్న చాలా మంచివారు, కష్టజీవి" అని రాయకు. అది ఎవరి నాన్నకైనా సరిపోతుంది. మీ నాన్నకి తప్ప ఇంకెవరికీ సరిపోనివి రాయి. ఆయన పెన్సిల్ చెక్కడం గుర్తుందా? పాత పేపరు పరుచుకుని, బ్లేడుతో, మొన సన్నగా తేలేదాకా తీరిగ్గా చెక్కేవారు. ఆ పొట్టు ఒక్కటి కింద పడకుండా పేపరు మడతలు పెట్టి, అప్పుడు లేచేవారు. చెక్కుతున్నంతసేపూ నోరు విప్పేవారు కాదు, కానీ ఎదుటివాళ్లు చెప్పేదంతా వినేవారు. నేను ఉద్యోగం మానేస్తానని చెప్పడానికి వచ్చిన రోజు కూడా అంతే. నా గోడంతా వెళ్లబోసుకున్నాను. పెన్సిల్ పూర్తయ్యాక, వేలితో మొన చూసుకుని, "ఇంకో నెల ఆగి చూడు" అన్నారు. నాకు బావగారంటే ఆ పెన్సిల్, ఆ ఒక్క మాట. నీ దగ్గర ఇలాంటివి నాకంటే ఎక్కువే ఉండాలి. తాళం వేశాక తలుపు ఎన్నిసార్లు లాగి చూసేవారు, ఫోన్ ఎత్తేముందు గొంతు ఎలా సవరించుకునేవారు, నీ మీద కోపం వస్తే నిన్ను ఏ పేరుతో పిలిచేవారు. ఒక్కో రోజు ఒక్క లైను రాసినా చాలు. వరసలో ఉండక్కర్లేదు.

ఇది వాయిదా వెయ్యకు. జ్ఞాపకం పెట్టెలో పెట్టిన వస్తువులా ఉన్నది ఉన్నట్టు ఉండదు. కరీమ్ నాదర్ అనే శాస్త్రవేత్త, తోటివారితో కలిసి ఎలుకల మీద చేసిన ప్రయోగాలు 2000లో బయటికొచ్చాయి. పాత జ్ఞాపకాన్ని మళ్లీ కదిపినప్పుడు మెదడు దాన్ని తిరిగి నిలవ చేసుకోవాల్సి వస్తుందనీ, ఆ మధ్యలో అది మారడానికి వీలుందనీ వాటివల్ల తెలిసింది. మనం ఎంత ప్రేమగా తలుచుకున్నా, తలుచుకునేకొద్దీ కొంత మన కల్పన చేరుతుంది. అందుకే ఇప్పుడే, ఇంకా తాజాగా ఉన్నప్పుడే, కాగితం మీద పెట్టమంటున్నాను.

ఇంకో మాట. ఆయన మీద నీకున్న కోపాలు కూడా రాయి. నువ్వు కోరుకున్న చదువుకి ముందు ఒప్పుకోలేదు కదా, ఎన్ని రోజులు ఇంట్లో మాటల్లేవో నాకు తెలుసు. పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలని పదిమందిలో పాటిస్తాం, సరే. కానీ నీ నోట్‌బుక్‌లో ఆయన్ని దేవుణ్ణి చెయ్యకు. దేవుణ్ణి చేస్తే దండం పెట్టి వచ్చేస్తాం, నాన్నతో అయితే ఇంకా మాట్లాడుకోవచ్చు.

ఇక ఫోన్ సంగతి. ఇది ముందు చెప్పాల్సింది, ఎందుకంటే అర్జెంటు. నాన్న ఫోన్ రీసెట్ చేసి ఎవరికో ఇచ్చెయ్యకండి. ఆ నంబరు రీఛార్జి కూడా కొన్నాళ్లు ఆపకండి. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి, వాడకుండా వదిలేసిన నంబరు కొన్నాళ్లకి ఇంకెవరికో వెళ్లిపోతుంది. వాట్సాప్ ఖాతా 120 రోజులు అసలు వాడకపోతే మామూలుగా దాన్ని తీసేస్తారు. గూగుల్ కూడా రెండేళ్లు ఎవరూ తెరవని వ్యక్తిగత ఖాతాలని ఫొటోలతో సహా తొలగించవచ్చని 2023లో నిబంధన పెట్టుకుంది. కాబట్టి ఫొటోలు, వీడియోలు, ముఖ్యంగా వాయిస్ మెసేజ్‌లు, రెండు వేర్వేరు చోట్ల కాపీ చేసిపెట్టు. ఒకటి హార్డ్ డిస్క్‌లో, ఒకటి మీ తమ్ముడి దగ్గర.

గొంతు గురించి ఎందుకింత పట్టుబడుతున్నానంటే, మొహానికి ఫొటోలు బోలెడు ఉంటాయి, గొంతు మాత్రం చెప్పకుండా జారిపోతుంది. మీ అత్తయ్యది ఒక మెసేజ్ నా దగ్గర ఉంది. పది సెకన్లు కూడా ఉండదు. "బయల్దేరాను, గడియ పెట్టకండి, తాళంచెవి మర్చిపోయాను" అంతే. వెనక ఎవరో హారన్ కొడుతున్నారు, తను ఆ హారన్ మీద విసుక్కుంటూ చివరి మాట కాస్త గట్టిగా అంటుంది. పెళ్లి ఆల్బమ్ కంటే నాకు అదే ఎక్కువ. మీ నాన్నవి కూడా అలాంటివి ఉండే ఉంటాయి. "చేరావా?", "ఫోన్ ఎత్తవేం?" లాంటివి. పనికిరానివని ఒక్కటి కూడా డిలీట్ చెయ్యకు. ఇప్పుడు వినలేకపోతే వినకు. దాచిపెట్టు చాలు.

ఏడుపు రావట్లేదని, ఆఫీసులో నవ్వుతూ మాట్లాడుతున్నానని కూడా బాధపడ్డావు. దుఃఖానికి ఐదు దశలుంటాయని నెట్‌లో చదివి, నేను ఏ దశలో ఉన్నాను అని లెక్క చూసుకుంటున్నట్టున్నావు. ఆ ఐదు దశలు 1969లో ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే డాక్టరు చెప్పినవి. ఆవిడ మాట్లాడింది చావుకి దగ్గరగా ఉన్న రోగులతో. అయినవాళ్లని పోగొట్టుకున్నవాళ్లకి అది తర్వాత అతికించారు. ఎవరూ ఆ మెట్లు వరసగా ఎక్కరు. 1999లో స్ట్రోబ్, షుట్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పింది నా అనుభవానికి బాగా దగ్గరగా ఉంది. పోగొట్టుకున్నవాళ్లు కాసేపు దుఃఖంలో ఉంటారు, కాసేపు బిల్లులు, పనులు, కొత్త జీవితంలో పడతారు, మళ్లీ వెనక్కి వెళ్తారు. ఈ అటూ ఇటూ తిరగడమే సహజం అంటారు వాళ్లు. ఆఫీసులో నవ్వావంటే నాన్నని మర్చిపోయావని కాదు. ఎప్పుడో ఆరు నెలలకి, దుకాణంలో ఆయన సైజు చెప్పులు చూసి అక్కడే ఏడుపొచ్చినా నీకేదో అయిపోయిందని టెన్షన్ పడొద్దు.

"ఇంకో రెండు రోజులు ముందు తీసుకెళ్లుంటే" అని నిన్ను నువ్వు తినేసుకుంటున్నావని మీ తమ్ముడు చెప్పాడు. ఆ రోజు నీకు తెలిసినదాన్ని బట్టి ఆ రోజు చేశావు. ఇప్పుడు తెలిసినదాన్ని తీసుకెళ్లి ఆ రోజు నిన్ను నిలదియ్యడం న్యాయం కాదు. దీనిమీద ఇంతకంటే రాయను. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా, ఏ టైమైనా సరే, నాకు ఫోన్ చెయ్యి.

అమ్మ ముందు నాన్న పేరెత్తితే అమ్మ ఏడుస్తుందని ఇంట్లో అందరూ ఆ మాటే రానివ్వట్లేదట. ఇది మాత్రం తప్పు. మా అక్క సంగతి నాకు తెలుసు. ఆవిడ ఎలాగూ ఆయన్నే తలుచుకుంటోంది. మీరు మాట్లాడకపోతే ఒంటరిగా తలుచుకుంటుంది. అత్తయ్య పోయిన కొత్తలో మా ఇంటికొచ్చినవాళ్లంతా రాజకీయాలు, ఎండలు అన్నీ మాట్లాడి, తన పేరు మాత్రం ఎత్తకుండా వెళ్లిపోయేవారు. వాళ్లు వెళ్లాక ఇల్లు ఇంకా ఖాళీగా ఉండేది. మీ నాన్న ఒక్కరే వచ్చి కూర్చుని, "ఆవిడ నన్ను ఎప్పుడూ పేపరు చదవనిచ్చేది కాదయ్యా, ఏదో ఒకటి అడుగుతూనే ఉండేది" అన్నారు. నేను ఏడ్చాను. ఆయన కంగారు పడలేదు, లేచి వెళ్లిపోలేదు. ఆ సాయంత్రం నాకెంత మేలు చేసిందో ఆయనకి చెప్పాను కూడా. నువ్వు అమ్మ దగ్గర ఆ పని చెయ్యి. "ఎలా ఉన్నావమ్మా" అని అడిగితే "బానే ఉన్నా" అంటుంది. "నాన్న చేతిరాత మొదటిసారి ఎప్పుడు చూశావు?" అని అడుగు. "మీరిద్దరూ మొదట దేనికి పోట్లాడుకున్నారు?" అని అడుగు. ఏడిస్తే ఏడవనీ, పక్కనే ఉండు.

బాబుకి మాత్రం "తాతయ్య నిద్రపోతున్నాడు", "దూరం వెళ్లాడు" అని చెప్పొద్దు. చిన్నపిల్లలు మాటని మాటగానే తీసుకుంటారు. నిద్రంటే భయపడతారు, లేకపోతే ఎప్పుడొస్తాడని ఎదురుచూస్తారు. "తాతయ్య చనిపోయాడు, ఆయన ఒళ్లు పనిచెయ్యడం ఆగిపోయింది, ఇంక రాడు, మనందరికీ బాధగా ఉంది" అని చెప్పు. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతాడు. ప్రతిసారీ అదే చెప్పు.

అమ్మ ఒంటి మీద కూడా ఒక కన్నేసి ఉంచు. గుండెల్లో బరువుగా ఉందనో, ఆయాసంగా ఉందనో అంటే "బెంగ పెట్టుకుంది" అని తీసిపారెయ్యకండి. తీవ్రమైన దుఃఖం వల్ల గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడే జబ్బు నిజంగానే ఉంది. జపాన్ డాక్టర్లు 1990లో దాన్ని మొదట గుర్తించి టాకోట్సుబో అని పేరు పెట్టారు. నెలసరి ఆగిపోయిన వయసు ఆడవాళ్లలోనే ఎక్కువగా వస్తుంది. చూడ్డానికి అచ్చం గుండెపోటులాగే ఉంటుంది, పరీక్ష చేస్తే తప్ప తేడా తెలియదు. చాలామంది కోలుకుంటారు, కానీ వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

నాన్న గొంతు కోసం పాత మెసేజ్‌లు వెతుక్కునే నువ్వు, అమ్మ గొంతు ఇప్పుడే రికార్డు చెయ్యొచ్చు కదా. 2003లో న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో స్టోరీకార్ప్స్ అనే సంస్థ ఒక చిన్న గది పెట్టింది. అందులో తెలిసినవాళ్లు ఇద్దరు కూర్చుని 40 నిమిషాలు మాట్లాడుకునేవారు, ఒకరు అడిగేవారు, ఒకరు చెప్పేవారు, అది రికార్డయ్యేది. అంతకంటే ఏమీ లేదు. మనకి ఆ గది కూడా అక్కర్లేదు, బల్ల మీద ఫోన్ పెడితే చాలు. అమ్మకి చెప్పే చెయ్యి, చాటుగా వద్దు. మొదట ఐదు నిమిషాలు బిగుసుకుపోతుంది, తర్వాత తనే ఆపదు.

నోట్‌బుక్‌లో నాన్న గురించి రాస్తున్నట్టే, బతికున్నవాళ్లకి వాళ్ల గురించి చెప్పు. "లవ్ యూ అమ్మా" అనడం మన ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు, పర్లేదు. "నేను పరీక్ష ఫెయిలైన రోజు నువ్వు ఒక్క మాట అనకుండా నా పక్కన పడుకున్నావు, అది నాకింకా గుర్తుంది" అను. ఒక్క సంఘటన, దాని తేదీ, అది నీకు ఏం చేసిందో. సిగ్గేస్తుంది, ఎదుటివాళ్లు ఇబ్బంది పడతారేమో అనిపిస్తుంది. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు 2018లో సరిగ్గా దీని మీదే పరిశోధన ప్రచురించారు. కృతజ్ఞతగా ఉత్తరం రాసినవాళ్లు, అందుకున్నవాళ్లకి ఇబ్బందిగా ఉంటుందేమోనని ఎక్కువగా ఊహించుకున్నారు, వాళ్లకి కలిగే సంతోషాన్ని మాత్రం తక్కువగా అంచనా వేశారు. మీ తమ్ముడికి కూడా రాయి. నాన్న ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ రాత్రిళ్లు వాడే ఉన్నాడు. దాని గురించి వాడికి ఒక్కరూ ఏమీ అనలేదు.

ఇవన్నీ చేసినా నెలలు గడిచేకొద్దీ ఏమాత్రం తేలిక కాకపోతే, రోజు రోజంతా ఆయన కోసం తపన, పనికి వెళ్లలేకపోవడం, బతకాలనిపించకపోవడం ఉంటే, డాక్టరు దగ్గరికి వెళ్దాం. దాన్ని ఇప్పుడు ఒక జబ్బుగానే గుర్తించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో ఆరు నెలలు దాటితే అంటారు, అమెరికా మానసిక వైద్యులు 2022లో సవరించిన పుస్తకంలో పెద్దవాళ్లకి ఏడాది అని పెట్టారు. బతకాలనిపించకపోతే మాత్రం ఈ నెలల లెక్క చూడొద్దు, ఆ రోజే నాకు చెప్పు.

బావగారు నాకు రాసిన ఉత్తరాలు నా దగ్గర ఉన్నాయి. జిరాక్స్ తీయించి ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను, అసలువి నేనొచ్చినప్పుడు అక్కకి ఇస్తాను. నువ్వు పుట్టిన వారంలో రాసింది పైన పెట్టాను. అందులో నీ గురించి రెండే లైన్లున్నాయి, పెన్సిల్‌తో రాశారు, జిరాక్స్‌లో కొంచెం మసగ్గా వచ్చింది. అర్థం కాకపోతే ఫోన్ చెయ్యి, చదివి వినిపిస్తాను.

నీ
మావయ్య